మా తాత తెచ్చిన రాయి

మా అమ్మ ట్రంకుపెట్టె అడుగున, పాత నేతచీర ముక్కలో మూటగట్టిన ఒక రాయి ఉండేది. పిడికిలి కంటే కాస్త పెద్దది. తెల్లరాయిలో ఇరుక్కుని నాలుగు పసుపు దిమ్మెలు, పాచికల్లా పలకలు తేరి, దీపం వెలుతురుకు తళతళమనేవి. వాటి ముఖాల మీద దువ్వెనతో గీసినట్టు సన్నని గీతలు. తలుపు గడియ పెట్టకుండా అమ్మ ఆ మూట ఏనాడూ విప్పలేదు.

అది మా తాత కోలారు బంగారు గనుల నుంచి తెచ్చిన రాయి. ఆయన 1930లలో పలమనేరు వైపు నుంచి కూలికి వచ్చి చాంపియన్ రీఫ్ గనిలో దిగాడు. ఈ పత్రిక చదివే కోలారు, బంగారుపేట కుటుంబాల వారికి ఆ గనుల సంగతి చెప్పనక్కరలేదు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలగక ముందే, 1902లో, శివనసముద్రం జలపాతం నుంచి తీగలు లాగి కరెంటు తెచ్చుకున్న గనులవి. మూడు కిలోమీటర్లకు పైగా లోతు. అడుగున బండ వేడి 60 డిగ్రీలు దాటేది. తాత ఆ వేడిలో ఇరవై ఏళ్ళకు పైగా బండ తొలిచి, దగ్గుతో మంచం పట్టి 1961లో పోయాడు. నేను ఆయన్ని చూడలేదు. పోయేముందు అవ్వ చేతిలో ఆ మూట పెట్టి, కష్టకాలంలో పనికొస్తుందని చెప్పాడట. అవ్వ నుంచి అది పెద్దకోడలైన మా అమ్మకు వచ్చింది.

గని నుంచి బయటికొచ్చే కూలీలను ఒళ్ళంతా తడిమి పంపేవారు. అంచేత ఆ రాయి దొంగసొత్తేనని మా ఇంట్లో అందరి నమ్మకం. ఎవరూ పైకి అనేవారు కాదు. తాత మీద గౌరవమూ ఆ రాయి మీద ఆశా రెండూ ఒకే పెట్టెలో పెట్టి తాళం వేశాం.

మా నాన్న 1989లో పోయాడు. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరిన నాలుగో ఏట, 1996లో, చెల్లెలి పెళ్ళి కుదిరింది. డబ్బు చాలలేదు. అమ్మ గడియ పెట్టి మూట విప్పి నా చేతిలో పెట్టింది. మర్నాడు శాఖ మూసే వేళకు, నగల మీద అప్పులిచ్చేటప్పుడు బంగారం పరీక్షించే పెద్దాయనకు దాన్ని చూపించాను. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని, ఒక దిమ్మె అంచును గీటురాయి మీద రాశాడు. బంగారం గీస్తే బంగారు గీతే పడుతుంది. ఇది ఆకుపచ్చ ఛాయ కలిసిన నల్లగీత వేసింది. తరువాత సూదితో గోకాడు, గాటు పడలేదు. "బంగారం మెత్తన బాబూ, ఇది గాజును కూడా గీస్తుంది. ఇనుమూ గంధకమూ కలిసిన రాయి. ఇంగ్లీషువాళ్ళు మూర్ఖుల బంగారమంటారు. వీధిలో రెండు రూపాయలు కూడా రావు" అన్నాడు. మన పిల్లలు కాకిబంగారం అనేది అభ్రకాన్ని. ఇది వేరు, దీని పేరు పైరైట్.

ఇంటికెళ్ళి అమ్మకు చెప్పడానికి నోరు పెగల్లేదు. చెప్పాక ఆమె ఏడుస్తుందనుకున్నాను. చాలాసేపు ఊరుకుని, "అయితే మీ తాత దొంగ కాదురా. చెత్తకుప్పలో పారేసిన రాయి ఏరుకున్నాడు. ముప్పై అయిదేళ్ళు పోలీసులొస్తారని భయపడి దాచినానే" అంది. పెళ్ళి అప్పుచేసి చేశాం.

కథ అక్కడితో అయిపోవలసింది. నేను చేసిన తప్పు వల్ల అయిపోలేదు.

మా చిన్నాయన గని వర్క్‌షాపులో పనిచేసేవాడు. తాత పోయేనాటికి పదహారేళ్ళవాడు. ఆ రాయిలో తనకూ సగం ఉందని ఆయన లెక్క, న్యాయమైన లెక్కే. పరీక్ష సంగతి తెలిసి వచ్చాడు. రాయి ముందు పెట్టి జరిగింది చెప్పాను. దాన్ని చేత్తో తాకనైనా లేదు. "మంచిది మార్చేసి ఇది చూపిస్తున్నారా?" అని లేచి వెళ్ళిపోయాడు.

బ్యాంకులో మాకు మొదటి వారమే నేర్పే పాఠం ఒకటుంది. తాకట్టు బంగారాన్ని పార్టీ ఎదుటే పరీక్షించాలి, ఎదుటే తూచాలి, ఎదుటే సంచికి సీలు వేయాలి. పరాయివాళ్ళ ముక్కుపుడక కూడా అలాగే తూచిన నేను, సొంత చిన్నాయన సొత్తును ఆయన వెనక పరీక్షించి ఫలితం ఇంటికి తెచ్చాను. ఆయన అనుమానించడంలో వింతేమీ లేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడి ఆయన ఉద్యోగం పోయింది. అప్పుడు ఒక బంధువుతో తన వాటా సంగతి మళ్ళీ కబురంపాడు. "రాయి పగలగొట్టి సగం పంపమంటారా?" అని నేను జవాబు పంపాను. ఆ మాటే మా మధ్య చివరిది. ఆయన 2018లో పోయాడు. బంగారుపేట వెళ్ళి గుంపులో నిలబడి వచ్చాను, ఎవరూ పలకరించలేదు.

2023లో ఒకనాటి సాయంత్రం ఫోను మోగింది. "పెదనాన్నా, నేను" అంటూ చిన్నాయన కొడుకు కూతురు తన పేరు చెప్పింది. బెంగళూరులోనే సౌరవిద్యుత్తుకు పనికొచ్చే పదార్థాల మీద పరిశోధన చేస్తోందట. మా ఇంట్లో ఉన్న రాయి ఒక్కసారి చూడనిస్తారా అని అడిగింది. రమ్మన్నాను.

ఆదివారం వచ్చింది. అమ్మ కాళ్ళకు దండం పెట్టి కూర్చుంది. మూట విప్పగానే రాయిని అటూ ఇటూ తిప్పి చూసి, "తాత చెప్పినట్టే ఉంది" అంది. మా చిన్నాయన దానికి చిన్నప్పుడు ఆ రాయిని ఎన్నోసార్లు వర్ణించి చెప్పాడట. తెల్లరాయిలో నాలుగు పసుపు పాచికలు, పాచికల ముఖాల మీద సన్నగీతలు. కాలేజీలో పైరైట్ స్ఫటికం బొమ్మ చూసిననాడు దానికి ఆ వర్ణన గుర్తొచ్చింది. నాలుగు పలకల దిమ్మెలు, వాటి మీద గీతలు, ఇవి పైరైట్ గుర్తులు. గనిలో బంగారం తెల్లరాయిలో రేకులుగా, నలుసులుగా దొరుకుతుందే గాని అలా పాచికలు పోసినట్టు దొరకదు. అంటే చిన్నాయన పసితనంలో తన కళ్ళతో చూసిన రాయి కూడా ఇదే. మార్చింది ఎవరూ లేరు. సాక్ష్యం ఆయన నోటే ఉంది, అడిగి విన్నవాళ్ళు లేకపోయారు. అడగవలసినవాణ్ణి నేను.

కాఫీ తాగాక, ఈ పనికిరాని రాయితో నీకేం పని అని అడిగాను. "పనికిరానిదని ఎవరన్నారు పెదనాన్నా? నలభై ఏళ్ళుగా దీని మీద ఆశ పెట్టుకున్నవాళ్ళున్నారు" అంది. సైన్సు తెలియని నాకు అర్థమయ్యేలా అది చెప్పింది. నాకు అర్థమైనట్టు మీకు చెబుతాను.

ఎండను చిల్లరగా వచ్చే నోట్ల ప్రవాహం అనుకోండి. ఎరుపు వెలుగు చిన్న నోటు, ఊదా వెలుగు పెద్ద నోటు. వీటి విలువ కొలిచే ప్రమాణం పేరు ఎలక్ట్రాన్ వోల్టు. ఎరుపు నోటు విలువ సుమారు 1.7, ఊదా నోటుది 3.1. కంటికి కనబడని పరారుణ కిరణాలవి ఇంకా చిన్న నోట్లు. సౌరఘటంలో ఉండే పదార్థం ఒక కౌంటరు వంటిది. దానికో టికెట్టు ధర ఉంటుంది. ధరకు తక్కువైన నోటును అది ముట్టుకోదు. ఎక్కువైన నోటు తీసుకుంటుంది గాని చిల్లర ఇవ్వదు, మిగతాది వేడిగా పోతుంది. నోటు ఎంతదైనా టికెట్టు ఒకటే. ధర మరీ తక్కువ పెడితే జనం చాలామంది వస్తారు, ఒక్కొక్కరి మీద వచ్చేది తక్కువ. మరీ ఎక్కువ పెడితే గేటు దగ్గర ఎవరూ ఉండరు. లెక్కవేస్తే 1.1కీ 1.4కీ మధ్య ధర లాభసాటి. సిలికాన్ ధర 1.1. మా తాత రాయి ధర 0.95. పెద్ద తేడా లేదన్నమాట.

పైరైట్‌కు మరో సుగుణం ఉంది. వెలుగును మహా ఆబగా పీలుస్తుంది. సిలికాన్ పలక 150 మైక్రాన్ల వరకు మందం ఉండాలి, అంటే మన తల వెంట్రుకకు ఒకటి రెండింతలు. పైరైట్ ఒక మైక్రాను లోపు పూత చాలు. ఇనుమూ గంధకమూ భూమ్మీద కొరతలేని సరుకులు. 1980లలో బెర్లిన్‌లో హెల్ముట్ ట్రిబుచ్ అనే శాస్త్రవేత్త బృందం దీని మీద పట్టుబట్టి పనిచేసింది. 2009లో అమెరికాలోని బర్కిలీలో సైరస్ వాడియా, పాల్ అలివిసాటోస్, డేనియల్ కామెన్ 23 పదార్థాల ధర, లభ్యత లెక్కకట్టి, అన్నిటిలోనూ పైరైట్ చవకని తేల్చారు. లెడ్జరు ప్రకారం ఇంతకంటే మంచి పార్టీ లేదు.

అయితే ఈ పార్టీ బాకీ తీర్చదు. పీల్చిన వెలుగుకు తగ్గ వోల్టేజీ సగం వోల్టు దాకా రావాలి. 0.2 వోల్టు దాటడం గగనమైంది. ఎండలో నూటికి మూడు వంతులైనా కరెంటుగా మార్చిన ఘటం పైరైట్‌తో తయారవలేదు. స్ఫటికంలో అక్కడక్కడా గంధకం పరమాణువులు ఉండవలసినచోట ఉండవు. ఆ ఖాళీల వల్లా, పైపొర తీరు వల్లా, పుట్టిన విద్యుదావేశాలు బయటికి రాకముందే లోపలే ఒకదానితో ఒకటి చెల్లుపడిపోతాయి. జమ పడినట్టే ఉంటుంది, కౌంటరు దగ్గరికొచ్చేసరికి నిలవ ఉండదు. ఇటువంటి ఖాతాలను నేను చాలా చూశాను కనుక ఈ సంగతి తేలిగ్గానే బోధపడింది.

భూమి అడుగున దొరికే రాళ్ళలో వెలుగు తాగేవి ఇదొక్కటే కాదట. సీసమూ గంధకమూ కలిసిన గెలీనా స్ఫటికంతో జగదీశ్ చంద్రబోసు రేడియో తరంగాలను పట్టే సాధనం చేసి 1904లో అమెరికా పేటెంటు పొందారు. అది వెలుతురుకూ స్పందిస్తుందని ఆయన గమనించారు. సుర్మాకు నూరే రాళ్ళలో గెలీనా ఒకటి. ఆయుర్వేదం స్వర్ణమాక్షికం అనే చాల్కోపైరైట్‌లో ఇనుముతో పాటు రాగి ఉంటుంది. దాని అమరికనే తీసుకుని ఇనుము బదులు ఇండియం, గాలియం, గంధకం బదులు సెలీనియం పెట్టి చేసిన ఘటాలు ఎండలో 23 శాతానికి పైగా కరెంటుగా మార్చాయి. అవి అరుదైన లోహాలు, ఖరీదెక్కువ. అందుకని రాగి, జింకు, తగరం కలిసిన కెస్టరైట్ మీద చూపు పడింది. రష్యాలో యాకూటియా ప్రాంతపు కెస్టర్ అనే చోటు పేర ఆ ఖనిజానికి పేరు వచ్చింది. ఆ జాతి పదార్థంతో అమెరికాలో ఐ.బి.ఎం. వారు 2013లో 12.6 శాతం సాధించారు.

అన్నిటికంటే నాకు ముచ్చటేసింది పెరోవ్‌స్కైట్ కథ. 1839లో ప్యారిస్‌లో పందొమ్మిదేళ్ళ ఎడ్మండ్ బెకరెల్ వెలుతురు నుంచి విద్యుత్తు పుట్టడం మొదటిసారి చూశాడు. అదే ఏడు ఉరల్ పర్వతాల నుంచి వచ్చిన ఒక నల్లటి రాయిని గుస్తావ్ రోజ్ అనే జర్మన్ పండితుడు కొత్త ఖనిజమని గుర్తించి, పెరోవ్‌స్కీ అనే రష్యన్ ప్రముఖుడి పేరు పెట్టాడు. ఈ రెండింటికీ చుట్టరికం ఉందని నూట డెబ్భై ఏళ్ళపాటు ఎవరికీ తెలియలేదు. ఆ రాయి కాల్షియం, టైటానియం, ఆమ్లజని కలిసినది. ఎండకు అది పనికొచ్చేది కాదు, అయితే దాని లోపలి అమరిక పనికొచ్చింది. అదే అమరికలో సీసం, అయోడిన్ వగైరాలు పెట్టి 2009లో జపానులో సుతోము మియాసాకా బృందం 3.8 శాతంతో మొదలుపెట్టింది. ఇప్పుడవి 26 శాతం దాటాయి. సిలికాన్ మీద ఈ పొర జోడించిన ఘటాలు ప్రయోగశాలలో 34 శాతం దాటాయి. తేమకు తట్టుకోలేకపోవడం, సీసం ఉండటం దాని లోపాలు. ఇల్లు కట్టిన తీరు తాతది, లోపల కాపురం కొత్తవాళ్ళది అన్నమాట.

అది చెబుతుంటే నాకు పావగడ గుర్తొచ్చింది. 2017 నుంచి మూడేళ్ళు అటువైపు శాఖలో పనిచేశాను. కర్ణాటకలో ఉన్నా ఊళ్ళలో మాట తెలుగే. తిరుమణి చుట్టుపక్కల అయిదు ఊళ్ళ పరిధిలో సుమారు 13 వేల ఎకరాలు కౌలుకు తీసుకుని 2,050 మెగావాట్ల సోలార్ పార్కు కట్టారు. ఎకరానికి ఏడాదికి 21 వేల రూపాయలతో మొదలై, రెండేళ్ళకోసారి అయిదు శాతం పెరిగే కౌలు. భూమి ఉన్నవాళ్ళ ఖాతాల్లో డబ్బు పడేది. వేరుశనగ పీకే కూలీలకు, మేకలు మేపుకునేవాళ్ళకు ఆ దారి మూసుకుపోయింది. కౌలు డబ్బు వేసుకోవడానికి వచ్చిన ఒక ముసలి రైతు నన్నడిగాడు: "సారూ, ఆ అద్దాల్లో ఏముంది? ఏ లోహం పెట్టినారు?" ఏదో సిలికానట తాతా అని చెప్పి సంతకం పెట్టించుకున్నాను. నాకూ అంతకంటే తెలియదు.

ఆ మాటే అమ్మాయికి చెప్పాను. అది రాయిని తిప్పి, పసుపు దిమ్మెలున్న వైపు కాకుండా తెల్లటి వైపు నాకు చూపించింది. "మీ రైతుకు జవాబు ఇది పెదనాన్నా" అంది. ఆ తెల్లరాయి క్వార్ట్జ్, మన వాడుకలో పలుగురాయి. దాన్ని బొగ్గుతో కలిపి విద్యుత్ కొలిమిలో కరిగించి ఆమ్లజని విడగొడితే సిలికాన్ వస్తుంది. దాన్ని ఎన్నోసార్లు శుద్ధి చేసి, స్ఫటికంగా పెంచి, పలచగా కోస్తారు. 1954లో అమెరికాలో బెల్ ప్రయోగశాల వారు ఆరు శాతంతో చూపించిన ఘటం దీనిదే. ఈనాడు ప్రపంచంలో తయారయ్యే సౌరఫలకాల్లో నూటికి 95కు పైగా దీనివే. పలుగురాయి తనంతట తాను వెలుగు తాగదు, వెలుగు దానిలోంచి పారిపోతుంది. కొలిమిలో పడి లేచాకే పనికొస్తుంది.

మా అమ్మ అంతవరకు వింటూ కూర్చుంది. "పలుగురాయి దుమ్మే కదమ్మా మీ ముత్తాత రొమ్ములో చేరింది" అంది. ఆ పిల్ల తల వంచుకుంది. నిజమే. గనికూలీలను దగ్గించి చంపిన సిలికోసిస్ అన్న జబ్బు పేరులో ఉన్నదీ ఆ పదార్థమే. మేము అరవై ఏళ్ళు పసుపు దిమ్మెల కోసం ఆ మూటను దాచాం, పసుపు దిమ్మెల కోసం మాటలు మానుకున్నాం. వాటిని పట్టుకుని ఉన్న తెల్లరాయిని మాలో ఎవరూ రాయిగా కూడా లెక్కపెట్టలేదు.

రాయి తీసుకువెళ్ళి పరీక్ష చేయిస్తానని అది అడిగింది. ఇస్తాను గాని ఈ రోజు కాదన్నాను. వచ్చే ఆదివారం వాళ్ళ నాన్నను కూడా తీసుకురమ్మన్నాను. తమ్ముడు వచ్చాడు. ఇరవై ఏడేళ్ళ తరువాత మా గడప తొక్కాడు. కూర్చోమంటే గోడకానుకుని నిలబడ్డాడు. నేను వంటింటి త్రాసు తెచ్చి, రాయిని అతని ఎదుట తూచి, బరువు కాగితం మీద రాసి, అతని చేత సంతకం పెట్టించాను. కింద నేను సంతకం పెట్టాను. 1996లో చేయవలసిన పని ఇది, మీ నాయన ఎదుట చేయవలసింది, తప్పు నాది అన్నాను. తమ్ముడు ఏమీ అనలేదు. కాసేపటికి కూర్చున్నాడు. అమ్మ ఇద్దరికీ అన్నం వడ్డించింది.

ఎక్స్‌రే పరీక్షలో అనుకున్నట్టే తేలింది, పైరైట్, క్వార్ట్జ్. ప్రయోగశాలలో ఘటాలకు వాడే పైరైట్‌ను శుద్ధమైన ఇనుము, గంధకం నుంచి తయారు చేసుకుంటారట, గనిరాయి నేరుగా పనికిరాదు. కాబట్టి మా తాత రాయి ఏ దీపమూ వెలిగించదు. ఇప్పుడది బంగారుపేటలో తమ్ముడి ఇంట్లో, చిన్నాయన పటం కింద ఉంది. మూటలో కాదు, బయట, కిటికీ పక్కన. పొద్దున పూట దాని మీద ఎండ పడుతుంది.

ఇళ్ళలో ఇటువంటి మూట మీకూ ఏదైనా ఉంటే, పొలం కాగితమో, నగో, పాత ప్రామిసరీ నోటో, విప్పేటప్పుడు వాటాదార్లందరినీ పిలిచి విప్పండి. అందులో ఏమీ లేదని తేలినా నష్టం లేదు. అందరి ఎదుటా తేలాలి, అంతే.